పడవ 10 మీటర్లకే ఆగాలి కదా, కీలో 20 ఎందుకుంది? (మెకానిక్స్ లెక్కల్లో కాలిక్యులస్)

కొత్తపట్నం_కుర్రాడు
(ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, నెల్లూరులో హాస్టల్)

అందరికీ నమస్కారం. ఒక లెక్క వారం నుంచి నన్ను పట్టుకుని వదలడం లేదు. ఆదివారం టెస్టులో వచ్చింది.

ఒక పడవ సెకనుకు 6 మీటర్ల వేగంతో పోతుండగా ఇంజిన్ ఆపేశారు. నీటి నిరోధం వల్ల వచ్చే రుణత్వరణం (వేగం తగ్గే రేటు) ఎప్పుడూ అప్పటి వేగానికి 0.3 రెట్లు ఉంటుంది. ఆగేలోపు పడవ ఎంత దూరం పోతుంది?

నేను చేసింది: 0.3 × 6 = 1.8. దాన్ని వీ స్క్వేర్ మైనస్ యూ స్క్వేర్ ఈక్వల్స్ టూ ఏఎస్‌లో వేశాను. 36ని 3.6తో భాగిస్తే 10 మీటర్లు వచ్చింది. కీలో 20 ఉంది. సరిగ్గా రెండింతలు. ఎక్కడో 2తో గుణించడం మర్చిపోయానేమోనని నాలుగుసార్లు చేశాను, మళ్లీ 10 వచ్చింది. సార్‌ని అడిగితే "ఇంటిగ్రేట్ చేయాలి" అని తర్వాతి లెక్కకు వెళ్లిపోయారు. మాకు మ్యాథ్స్‌లో ఇంకా లిమిట్స్ కూడా మొదలుపెట్టలేదు.

మా నాన్నకు ఫైబర్ బోటు ఉంది. ఇంజిన్ ఆపాక అది ఎలా జారుతూ పోతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ లెక్కే నాకు రాకపోవడం బాధగా ఉంది. ఇంటిగ్రేషన్ లేకుండా అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా?

పెన్నా_ఒడ్డు
(నెల్లూరు)

తమ్ముడూ, నువ్వు వాడిన ఫార్ములా త్వరణం మారనప్పుడే పనిచేస్తుంది. 1.8 అనేది ఇంజిన్ ఆపిన ఆ క్షణానిది మాత్రమే. వేగం 3కి పడేసరికి రుణత్వరణం 0.9 అయిపోతుంది. 1కి పడితే 0.3. నువ్వు పడవకు చివరిదాకా 1.8తోనే బ్రేకు వేశావు. అందుకే ముందే ఆగింది.

చీమకుర్తి_క్రేన్
(డిప్లొమా మెకానికల్, గ్రానైట్ క్వారీలో పని)

అబ్బయ్యా, ఇంటిగ్రేషన్ పక్కన పెట్టు. కాగితం తీసుకుని సెకను సెకనుకూ పడవ వెంట పో. క్వారీలో మాకు ఏదైనా తేలకపోతే చేసేది అదే.

మొదటి సెకనులో వేగం 6, కాబట్టి 6 మీటర్లు పోయిందనుకో. ఆ సెకనులో వేగం 1.8 తగ్గింది, మిగిలింది 4.2. రెండో సెకనులో 4.2 మీటర్లు పోయింది. అందులో 0.3 వంతు, అంటే 1.26 తగ్గి 2.94 మిగిలింది. తర్వాత 2.06. ఆ తర్వాత 1.44. అయిదు సెకన్లకు కలిపితే 16.64 మీటర్లు. నీ 10 ఎప్పుడో దాటిపోయింది చూడు. పదో సెకనుదాకా లాగితే 19.44. ఆ తర్వాత కలిసేవన్నీ చిల్లర. 20 దగ్గరికి వెళ్తుంది కానీ దాన్ని దాటదు.

కొత్తపట్నం_కుర్రాడు

అన్నా, చాలా థ్యాంక్స్. నేనూ కూర్చుని వేశాను, అలాగే వచ్చింది. కానీ ఒక డౌట్. మొదటి సెకను మొత్తం 6తోనే పోయిందని ఎలా అనుకుంటాం? ఆ సెకనులోపల కూడా వేగం తగ్గుతూనే ఉంటుంది కదా. అప్పుడు దూరం నిజానికి 6 కంటే తక్కువ ఉండాలి. మరి మొత్తం 20 కరెక్టుగా ఎలా వచ్చింది?

చీమకుర్తి_క్రేన్

మంచి ప్రశ్న. రాత్రి డ్యూటీ అయ్యాక ఫోన్లో ఎక్సెల్ తెరిచి సెకనులో పదో వంతు చొప్పున వేశాను. మొదటి ముక్కలో 0.6 మీటర్లు, ప్రతిసారీ వేగంలో 3 శాతం తగ్గుతుంది. మొత్తం మళ్లీ 20కే పోతోంది. వందో వంతుకు వేసినా 20. ఎందుకో మాత్రం నాకూ తేలలేదు. చాక్‌పీస్ సార్ చూస్తే బాగుండు.

చాక్‌పీస్
(ఒంగోలు, ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైర్ అయ్యాను)

ఇద్దరూ ఎంత మంచి చోట ఆగారో! ఈ ప్రశ్న అడిగే పిల్లవాడు క్లాసులో ఒక్కడున్నా ఆ రోజు పాఠం చెప్పడానికి ఉత్సాహంగా ఉండేది.

క్రేన్ గారి లెక్కలో రెండు తప్పులున్నాయి, రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటున్నాయి. సెకను మొత్తం 6తో నడిపించడం వల్ల దూరం ఎక్కువ వచ్చింది. అదే సెకను మొత్తం 1.8 చొప్పున తగ్గించడం వల్ల వేగం కూడా ఉండాల్సిన దానికంటే ఎక్కువ పడింది. నిజానికి సెకను చివర 4.44 ఉండాలి, ఆయన 4.2 రాశారు. ఈ లెక్కలో ఆ రెండూ సరిగ్గా సరిపోతాయి. కారణం ఇదీ:

వేగం తగ్గే రేటు = 0.3 × వేగం. వేగం అంటే దూరం పెరిగే రేటే కదా? అయితే వేగం తగ్గే రేటు = 0.3 × దూరం పెరిగే రేటు. ఈ వాక్యం ఇంకోసారి చదువు. ఎంత చిన్న సమయం తీసుకున్నా, ఆ సమయంలో పడవ ఎన్ని మీటర్లు జరిగిందో దానికి 0.3 రెట్లు వేగం పోతుంది. అంటే మీటరుకు 0.3 చొప్పున పోతుంది. మొదటి మీటరైనా అంతే, పదిహేనో మీటరైనా అంతే. చేతిలో 6 ఉంది. మీటరుకు 0.3 ఖర్చు. ఎన్ని మీటర్లకు అయిపోతుంది? 20.

ఇంటిగ్రేషన్ చేశామా? చేశాం. డీవీ ముక్కలన్నీ (వేగంలో చిన్న చిన్న తగ్గుదలలు) కలిపితే 6, డీఎక్స్ ముక్కలన్నీ (చిన్న చిన్న దూరాలు) కలిపితే మొత్తం దూరం. ఆ చాప్టర్ పేరు వినకముందే నువ్వు చేయగలిగిన పని అది. నీ 10 మీటర్ల దగ్గర పడవ వేగం ఇంకా 3 ఉంటుంది. సగం మాత్రమే పోయింది. నీ జవాబుకు కీలో రెండింతలు ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా?

ఇంకొక్క మాట. నువ్వు వాడిన ఆ ఫార్ములా, దానితో పాటు నేర్చుకునే మిగతా రెండూ కూడా ఇలాంటి కలపడం నుంచే పుట్టాయి. వేగానికీ కాలానికీ గ్రాఫ్ గీసి కింది వైశాల్యం తీస్తే దూరం. త్వరణం మారకపోతే గీత తిన్నగా వాలి ఉంటుంది, కింద త్రిభుజమో ట్రెపీజియమో వస్తుంది, దాని వైశాల్యం ఏడో తరగతి పిల్లలకూ వచ్చు. పైనుంచి వదిలిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడితే రెండో సెకనులో 14.7, మూడో సెకనులో 24.5 పడుతుంది. అంటే 1, 3, 5 నిష్పత్తి. గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో ఈ బేసి సంఖ్యల వరుసను చూపించాడు. అప్పటికి న్యూటన్ పుట్టనే లేదు. త్రిభుజాల వైశాల్యంతోనే చూపించాడు.

కాబట్టి లెక్క చూడగానే ముందు అడగాల్సింది: త్వరణం మారుతోందా? మారితే దేనితో మారుతోంది, కాలంతోనా, వేగంతోనా, దూరంతోనా? ఆ తర్వాతే పెన్ను కదలాలి.

కొత్తపట్నం_కుర్రాడు

సార్!! "చేతిలో 6 ఉంది, మీటరుకు 0.3 ఖర్చు" దగ్గర ఒక్కసారిగా వెలిగింది. రూమ్మేట్‌ని లేపి మరీ చెప్పాను.

మార్కాపురం_పలక
(మ్యాథ్స్ టీచర్)

చాక్‌పీస్ సార్ చెప్పింది ఎంతో బాగుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి, పిల్లలు తర్వాత ఇబ్బంది పడకూడదని. సార్ రాసిన "వేగం తగ్గే రేటు = 0.3 × దూరం పెరిగే రేటు" వాక్యాన్ని గుర్తుల్లో రాస్తే రెండువైపులా డీటీ (చిన్న సమయం) వస్తుంది, దాన్ని "కొట్టేశాం" అని చాలామంది రాస్తారు. డీవీ బై డీటీ మామూలు భిన్నం కాదు. చిన్న చిన్న భిన్నాలు ఏ విలువకు దగ్గరవుతాయో ఆ విలువ. కొట్టేసినట్టు కనిపించే చోట నిజంగా పనిచేసేది చెయిన్ రూల్. ఏ = డీవీ బై డీటీ = డీవీ బై డీఎక్స్ ఇంటు డీఎక్స్ బై డీటీ = వీ ఇంటు డీవీ బై డీఎక్స్. ఈ లెక్కలో వీ రెండువైపులా ఉంది, వీ సున్నా కానంతవరకు దాన్ని నిజంగానే కొట్టేయొచ్చు. మిగిలేది డీవీ బై డీఎక్స్ = మైనస్ 0.3. సార్ చెప్పిన "మీటరుకు 0.3" ఇదే.

భిన్నంలా కనిపించే ఈ డీ గుర్తులు జర్మన్ గణితవేత్త లైబ్నిజ్‌వి. 1684లో ఆయన అచ్చువేయించాడు. రాయడానికి ఎంత సులువో, పొరపాటు పడటానికీ అంతే సులువు. న్యూటన్ 1687లో ప్రిన్సిపియా పుస్తకం వేసినప్పుడు చాలాచోట్ల జామెట్రీ బొమ్మలతోనే నడిపించాడు. మన దగ్గర 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన రెండో భాస్కరుడు గ్రహాల విషయంలో తాత్కాలిక గతి అనే మాట వాడాడు. ఒక రోజుకు సగటు గతి వేరు, ఆ క్షణంలో గతి వేరు అని చెప్పడానికి. నేను డెరివేటివ్ మొదలుపెట్టే రోజు ఆ మాటతోనే మొదలుపెడతాను, పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

ఫిజిక్స్ వాళ్లకు జూన్‌లోనే అవసరమైనది మా సిలబస్‌లో నెలల తర్వాత వస్తుంది. ఇది ఏళ్లుగా చూస్తున్నాను, పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మొదటి వారంలో మ్యాథ్స్ వాళ్లు రెండు పీరియడ్లు ఇచ్చి వాలు అంటే ఏమిటి, వైశాల్యం అంటే ఏమిటి చెబితే చాలు. నేను పనిచేసే చోట అలా చెబుతున్నాను.

చాక్‌పీస్

మేడమ్, మీ మాటకు ఒప్పుకుంటున్నాను. చెయిన్ రూల్ వచ్చేదాకా "చిన్న సమయంలో" అని వాక్యంలోనే చెప్పించడం నా అలవాటు. వాక్యం సరిగ్గా చెప్పగలిగినవాడు గుర్తు కూడా సరిగ్గానే వాడతాడు.

బైపీసీ_అక్క
(కావలి)

మ్యాథ్స్ లేనివాళ్ల తరఫున ఒక మాట. నేను బైపీసీ. ఫస్టియర్‌లో "ఇంటిగ్రేట్" అన్న మాట వినగానే టెన్షన్‌తో చెయ్యి ఆగిపోయేది. నన్ను గట్టెక్కించింది మా అమ్మమ్మ వాళ్ల చేదబావి.

లెక్క ఇలా ఉండేది: బావి లోతు 20 మీటర్లు. నీళ్లతో బొక్కెన 12 కిలోలు. తాడు మీటరుకు అర కిలో. పైకి తోడటానికి ఎంత పని చేయాలి? జీ (గురుత్వ త్వరణం) 10 అనుకోమన్నారు. నేను తాడు మొత్తం 10 కిలోలు, బొక్కెన 12 కిలోలు, మొత్తం 22 కిలోలు ఇరవై మీటర్లు లేచిందని 4400 జౌళ్లు రాశాను. తప్పు.

ఆ సెలవుల్లో బావి దగ్గర తోడుతుంటే చేతులకే తెలిసింది. మొదట లాగేటప్పుడు బరువు ఎక్కువ, బొక్కెన పైకి వచ్చేకొద్దీ తేలిక. ఎందుకంటే లాగిన తాడు నా కాళ్ల దగ్గర చుట్ట పడి ఉంది, దాని బరువు ఇక నా చేతుల మీద లేదు. వెంటనే ఇంట్లోకి పోయి గ్రాఫ్ గీశాను. మొదట బలం 220 న్యూటన్లు, చివర 120. మధ్యలో తిన్నని గీత. కింద ట్రెపీజియం. సగటు 170, దూరం 20. మొత్తం 3400 జౌళ్లు. కీ చూస్తే అదే. బావి గట్టు మీద కూర్చుని ఏడ్చినంత పని చేశాను సంతోషంతో.

చీమకుర్తి_క్రేన్

అమ్మా, ఇంకో దారి కూడా ఉంది. వేలాడే తాడు బరువంతా దాని మధ్యలో ఉన్నట్టు చూడు. 10 కిలోల తాడు, మధ్య భాగం 10 మీటర్లు లేస్తుంది. 1000 జౌళ్లు. బొక్కెనకు 2400. మొత్తం 3400. క్వారీ గుంత లోతు పెరిగేకొద్దీ క్రేన్ వైరు రోపు సొంత బరువే ఎంతో ఉంటుంది. రాయి బరువు ఒక్కటే చూసి లోడు లెక్కేయకూడదని మాకు మొదటి రోజే చెప్పారు.

పెన్నా_ఒడ్డు

ఇక్కడ ఒకటి గమనించాలి. బావి లెక్కలో బలం సమంగా తగ్గింది కాబట్టి మొదటిదీ చివరిదీ కూడి సగం చేస్తే సరిపోయింది. అన్నిచోట్లా ఈ సగటు చెల్లదు. వంకర గీత వస్తే సగటు ఎక్కడుందో వెతకడమే అసలు లెక్క అవుతుంది. అక్కడ కాలిక్యులస్‌ను తప్పించుకోలేం.

మా ఇంటి మిద్దె మీద నుంచి శ్రీహరికోట రాకెట్లు కనిపిస్తాయి. 2022లో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ మాకు మాత్రం ఇప్పటికీ మన నెల్లూరు రాకెట్టే. మొదట మెల్లగా లేచినట్టుంటుంది, చూస్తుండగానే ఊపందుకుంటుంది. ఇంధనం కాలేకొద్దీ బరువు తగ్గుతుంది, తోసే బలం అంతే ఉన్నా త్వరణం పెరుగుతూ పోతుంది. వీ ఈక్వల్స్ యూ ప్లస్ ఏటీ ఇక్కడ పనికిరాదు.

పొగ సెకనుకు 2.5 కిలోమీటర్ల వేగంతో బయటికి పోతోందనుకుందాం. మొత్తం బరువులో మూడింట రెండు వంతులు కాలిపోయింది. మొదటి బరువుతోనే చివరిదాకా లెక్కేస్తే వేగం సెకనుకు 1.67 కిలోమీటర్లు వస్తుంది. చిన్న ముక్కలుగా చూస్తే ప్రతి ముక్కలో పెరిగే వేగం = 2.5 × కాలిన బరువు ÷ అప్పటికి ఉన్న బరువు. వీటిని కలిపితే లాగ్ వస్తుంది. మొదటి బరువు మిగిలిన బరువుకు మూడింతలు. మూడుకు సహజ లాగ్ 1.1, కాబట్టి సెకనుకు 2.75 కిలోమీటర్లు. భూమి లాగడం, గాలి రెండూ వదిలేసిన లెక్క ఇది. రష్యా శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సూత్రం ఇదే. తమ్ముడు పడవలో చేసిన పొరపాటే ఇక్కడ చేస్తే సెకనుకు కిలోమీటరుకు పైగా తేడా!

కొత్తపట్నం_కుర్రాడు

ఇంకో చోట చిక్కుకున్నాను సార్. దూరం 20 అని తేలింది కదా, ఎంతసేపటికి ఆగుతుందో తీద్దామనుకున్నాను. సీనియర్ అన్న దగ్గర ఇంటిగ్రేషన్ రెండు రోజులు నేర్చుకున్నాను. వేగం = 6 ఇంటు ఈ (e అనే సంఖ్య, దాదాపు 2.72) పవర్ మైనస్ 0.3టీ వచ్చింది. ఇది ఎప్పటికీ సున్నా కావట్లేదు! పడవ 20 మీటర్లలోనే ఉంటుంది కానీ ఎప్పటికీ ఆగదా?

చాక్‌పీస్

నువ్వు చేసింది కరెక్టే నాయనా. ప్రతి 2.3 సెకన్లకూ వేగం సగం అవుతుంది. 6, 3, 1.5, 0.75... పది సెకన్లకు 0.3 మిగులుతుంది. లెక్క ప్రకారం సున్నా కాదు, దూరం మాత్రం 20కి లోబడే ఉంటుంది.

అయితే ఇప్పుడు నీతో అసలు సంగతి చెప్పాలి. రుణత్వరణం వేగానికి 0.3 రెట్లు అని లెక్క ఇచ్చినవాళ్లు అన్నారు. మీ నాన్న పడవ ఆ మాట వింటుందని ఎవరు చెప్పారు? పెద్ద పడవ వేగంగా పోయేటప్పుడు నీటి నిరోధం దాదాపు వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. కాలిక్యులస్ నువ్వు రాసిన సమీకరణం నుంచి జవాబు తీసిపెడుతుంది. సమీకరణం సరైనదో కాదో అది చెప్పదు, పడవే చెప్పాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు కొలిచి చూడు.

కొత్తపట్నం_కుర్రాడు

దసరా సెలవులకు వచ్చాను సార్. కొలిచాం!

సముద్రంలో అలలు ఉంటాయని నాన్న బకింగ్‌హామ్ కాలువలో నీళ్లు నిలకడగా ఉన్న చోటికి తీసుకెళ్లారు. తెల్లవారుజామున, గాలి లేదు. ఫోన్లో స్పీడు చూపించే యాప్ పెట్టి, చెల్లి దాన్ని వేరే ఫోన్‌తో వీడియో తీసింది. ఇంజిన్ ఆపినప్పుడు గంటకు 13 కిలోమీటర్లు. తర్వాత ప్రతి అయిదు సెకన్లకు 8.3, 6.1, 4.9, 4.0.

సెకనుకు మీటర్లలోకి మార్చాను: 3.61, 2.31, 1.69, 1.36, 1.11. మన సూత్రం ప్రకారం ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో తగ్గాలి. కానీ నిష్పత్తులు 0.64, 0.73, 0.80, 0.82 వస్తున్నాయి. పోనుపోనూ మెల్లగా తగ్గుతోంది. మీరు చెప్పిన వర్గమేనా సార్?

చాక్‌పీస్

మీ నాన్నగారికి, చెల్లెమ్మకు నా నమస్కారాలు చెప్పు. ఎంత శుభ్రంగా కొలిచారు!

డీవీ బై డీటీ = మైనస్ సీ వీ స్క్వేర్ అని రాసి (సీ అంటే మీ పడవకు ఉండే ఒక స్థిరాంకం) నువ్వే ఇంటిగ్రేట్ చెయ్యి. ఆ తర్వాత నీ రీడింగులన్నిటికీ 1 బై వీ వేసి చూడు. ఏం కనిపించిందో ఇక్కడ రాయి.

కొత్తపట్నం_కుర్రాడు

చేశాను. 1 బై వీ అనేది కాలంతో పాటు సమంగా పెరగాలని వచ్చింది.

నా రీడింగులు: 0.28, 0.43, 0.59, 0.74, 0.90. పెరిగింది 0.15, 0.16, 0.15, 0.16.

సార్, గ్రాఫ్ పేపరు మీద అయిదు చుక్కలూ స్కేలు పెట్టినట్టు ఒకే గీత మీద పడ్డాయి. నాన్నను పిలిచి చూపించాను. సీ 0.031 వచ్చింది. దూరానికి లాగ్ వచ్చింది, 20 సెకన్లలో 38 మీటర్లు. బైపీసీ అక్క చెప్పినట్టు ట్రెపీజియాలు కూడా వేశాను: 14.8, 10, 7.6, 6.2. మొత్తం 38.6.

ఆ 0.6 తేడా నా కొలతలో తప్పా?

బైపీసీ_అక్క

తమ్ముడూ, నీ గీత కిందికి కుంగి ఉంటుంది చూడు. చుక్క నుంచి చుక్కకు తిన్నగా గీసిన ట్రెపీజియం ఆ కుంగిన చోట కొంచెం ఎక్కువ కలుపుకుంటుంది. నాకు గ్రాఫులతో అలవాటైన సంగతి ఇది.

చాక్‌పీస్

అమ్మాయి సరిగ్గా చెప్పింది. కొంత సీ విలువలో కూడా ఉండొచ్చు. అయిదు సెకన్ల బదులు రెండేసి సెకన్లకు తీసుకుని మళ్లీ వెయ్యి, తేడా ఎంత తగ్గుతుందో చూద్దాం.

కొత్తపట్నం_కుర్రాడు

వీడియో ఉంది సార్, ఈ రాత్రికే రెండేసి సెకన్ల రీడింగులు తీస్తాను. వలలు వేసుకుని బరువుతో ఉన్నప్పుడు సీ ఎంత మారుతుందని నాన్న అడిగారు. రేపు తెల్లవారుజామున మళ్లీ కాలువకు పోతున్నాం.